కల్వర్టు దగ్గర ఎక్కే మనిషి

ఎండాకాలం సెలవుల్లో ఊళ్లు తిరిగిన ముచ్చట్లు ఎవరైనా మురిసిపోతూ మొదలుపెడితే నేను ఏదో పని ఉన్నట్టు అక్కడి నుంచి లేచిపోతాను. వాళ్లకేం, మంచి జ్ఞాపకాలు. నాకూ ఉన్నాయి. కుసుమంచి గుడి ఉంది, ఖమ్మం ఖిల్లా ఉంది, నేలకొండపల్లి దిబ్బ ఉంది, పర్ణశాల ఉంది. కానీ వాటన్నిటికంటే ముందు మా ఊరి మలుపులో ఒక కల్వర్టు ఉంది. అది దాటి నా జ్ఞాపకం ముందుకు పోదు.

మా ఊరు ఏన్కూరు అవతల, అడవి మొదలయ్యే చోట. తాత కృష్ణా వైపు నుంచి వచ్చి ఇక్కడ పొలాలు చేసుకున్నాడు. నాయనమ్మ చచ్చేదాకా ఆ వైపు మాటే మాట్లాడింది. నాన్న, అత్తమ్మ ఇక్కడే పుట్టి పెరిగారు కాబట్టి వాళ్ల మాట ఈ ఊరిదే. అత్తమ్మ నాన్నకు అక్క, ఆరేళ్లు పెద్దది. నాన్నను చంకనేసుకుని పెంచింది ఆమేనని ఊరంతా చెప్పేది. పంతొమ్మిదో ఏట పెళ్లయింది, ఆ ఏడాదే మూడు రోజుల జ్వరంతో మామయ్య పోయాడు, మెట్టినింటివాళ్లు బట్టల పెట్టెతో సహా ఆమెను మా ఇంట్లో దించి వెళ్లారు. నేను పుట్టేసరికే ఆమె మా ఇంట్లో పొద్దున్నే మొదట లేచే మనిషి, రాత్రి చివర పడుకునే మనిషి.

నాన్నకు పాత రాళ్ల పిచ్చి. చదివింది ఐదో తరగతి, చెప్పేది మాత్రం కాలేజీ పంతులులాగే. మిరపకాయలు మార్కెట్టుకు తోలేసి, తొలకరికి ఇంకా టైమున్న ఆ నెల రోజుల్లో ఇంట్లోవాళ్లనీ పక్కింటివాళ్లనీ స్నేహితులనీ కూడగట్టి ఏదో ఒక పాత చోటికి బండి కట్టించేవాడు. కుసుమంచిలో గుడి స్తంభాన్ని వేలి కణుపుతో కొట్టి, "ఇనుండ్రి, రాయి గంట లెక్క మోగుతది" అనేవాడు. మాకు ఏమీ వినపడకపోయినా అవునని తల ఊపేవాళ్లం. నేలకొండపల్లి దిబ్బ మీద నిలబడి, పాండవులు దాక్కున్నది ఇక్కడే, విరాటరాజు కోట ఇదే అని చేతులు తిప్పుతూ చెప్పేవాడు. అబద్ధమో నిజమో, ఆయన మొహం చూస్తే నమ్మాలనిపించేది. ఏడాదంతా అప్పుల గురించీ పురుగుమందుల గురించీ మాట్లాడే మనిషి ఆ ఒక్కరోజు రాజుల గురించి మాట్లాడేవాడు.

ప్రయాణమంటే నాన్నకు రాళ్లు, నాయనమ్మకు శకునం. బండి కదిలేటప్పుడు ఎవరు ఎదురొచ్చారన్నదే ఆమెకు ముఖ్యం. అత్తమ్మ కోడి కూయకముందే లేచి పులిహోర కలిపేది. బియ్యం, పప్పు, గిన్నెలు మూటలు కట్టేది. చివరగా బోరింగు కొట్టి బిందె నిండా నీళ్లు తెచ్చి గడప పక్కన పెట్టేది. ఆ బిందె మా అమ్మ చంకనెత్తుకుని బండికి ఎదురు రావాలి. నీళ్లు తెచ్చిన చెయ్యి అరిష్టం, బిందె మోసిన నడుము శుభం. అదేం లెక్కో ఆ దేవుడికే తెలియాలి.

బిందె పెట్టేసి అత్తమ్మ గుడ్డసంచి భుజాన వేసుకుని పెరటి దారిన ఊరి బయటికి నడిచి వెళ్లిపోయేది. కిలోమీటరు పైనే ఉంటుంది. మెయిన్ రోడ్డు మలుపులో కల్వర్టు గోడ మీద, కొంగు నెత్తిన కప్పుకుని కూర్చునేది. మేము శుభంగా బయలుదేరి, అక్కడ బండి ఆపి ఆమెను ఎక్కించుకునేవాళ్లం. గడప దగ్గర ఎదురొస్తే అరిష్టం, కల్వర్టు దగ్గర ఎక్కితే వంటమనిషి. ఇందులో తప్పుందని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. పైగా నాయనమ్మ గొప్పగా చెప్పుకునేది: "కొంతమంది ఇలాంటివాళ్లని ఇంట్లోనే పారేసి పోతారు. మేం తీసుకెళ్తున్నాంగా." కన్నతల్లి మాట అది.

కుసుమంచి పోయిన ఏడాది, మేమంతా గుడి తిరిగొచ్చేదాకా అత్తమ్మ మూడు రాళ్ల పొయ్యి దగ్గరే ఉంది. అందరూ తిని, వేపచెట్టు కింద ఒరిగాక, చేతులు కడుక్కుని ఒక్కతే లోపలికి వెళ్లింది. నేను వెనకాలే పోయాను. అంత పెద్ద శివలింగం ముందు చాలాసేపు నిలబడి, బయటికొచ్చి గడప మీద కూర్చుంది.

"ఇదంత మంచిగనే ఉంది బిడ్డా. కని నాకు పర్ణశాల చూడాలనుంది" అంది.

"ఎందుకత్తమ్మా?"

"మీ మామయ్య చూపిస్తనన్నడు. పెండ్లయిన కొత్తల. సీతమ్మ చీర ఆరేసిన బండ ఉన్నదట, బండ మీద చారలు ఇప్పటికీ ఉన్నయట. మిరపకోతలు అయినంక పోదమన్నడు. కోతలు కాలే."

ఆమె మామయ్య గురించి మాట్లాడటం నేను విన్నది ఆ ఒక్కసారే. ఇంటికొచ్చాక ఆ మాట నాన్నకు చేరవేశాను. "వచ్చే ఎండాకాలం పర్ణశాలకే పోదం. అక్క కోసమే పోదం" అన్నాడు నాన్న. ఈ మాట నేను మర్చిపోను, ఎందుకంటే ఆ ప్రయాణం ఎవరికోసమో నాకు ముందే తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే అదృష్టం కూడా నాకు లేదు.

మరుసటి వేసవికి నాకు ఏడో తరగతి అయిపోయింది. డెబ్బైల చివర. అంతకుముందు ప్రయాణాలన్నీ ఒక్క ట్రాక్టరు తొట్టిలోనే. ఈసారి దూరం, భద్రాచలం మీదుగా పర్ణశాల, రెండు రోజులు. నాన్న ఒక జీపు, ఒక వ్యాను కిరాయికి మాట్లాడాడు. జీపులో నాన్న, ఆయన స్నేహితులు. వ్యానులో ఆడవాళ్లు, పిల్లలు, గిన్నెలు. అత్తమ్మ వారం ముందే తన తెల్లచీర ఉతికి గంజి పెట్టుకుంది. ఆమె దేనికోసమైనా ముందునుంచి తయారవడం నేను చూడటం అదే మొదలు.

పొద్దున జీపు వాకిట్లోకి రాగానే నేను ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాను. జీపు ముందు సీటంటే ఆ రోజుల్లో ఊళ్లో పిల్లలకు సింహాసనం. నాన్న నన్ను చూసి నవ్వాడు.

"కల్వర్టు దాక కూసో బిడ్డా. ఆడ అత్తమ్మ ఎక్కుతది, ఈ సీటు ఆమెది. నువ్వు దిగి వ్యాన్ల పోయి అమ్మ కాడ కూసో. నేను ముచ్చట్ల పడితే మర్చిపోత, ఆపమని డ్రైవరుకు నువ్వే చెప్పాలె."

"సరే నాన్నా" అన్నాను.

అమ్మ బిందెతో ఎదురొచ్చింది. నాయనమ్మ కొబ్బరికాయ కొట్టించింది. జీపు ముందు, వ్యాను వెనక, శుభంగా బయలుదేరాం. నాన్న వెనక్కి తిరిగి స్నేహితులతో మాటల్లో పడ్డాడు. అన్నట్టే పడ్డాడు. నేను అంచున కూర్చున్నాను, గాలి మొహానికి కొడుతోంది, ఊళ్లో నా ఈడు పిల్లలు చెయ్యూపుతున్నారు. వెనక వ్యాను మా దుమ్ము తింటూ వస్తోంది. ఆ దుమ్ములోకి, ఆ డీజిలు వాసనలోకి, ఆ గిన్నెల మధ్యకు పోవాలని తలుచుకుంటే ఏడుపొచ్చింది.

మలుపు తిరిగింది. అత్తమ్మ కల్వర్టు గోడ మీది నుంచి లేచి నిలబడింది. చీర దులుపుకుంది. సంచి భుజానికి తగిలించుకుంది. నాకు అరచేతిలో చూసినట్టు కనపడింది. నేను ఆపమనలేదు. తల అటువైపు తిప్పుకున్నాను.

వ్యానువాడు ఎక్కించుకుంటాడులే అనుకున్నాను. అనుకున్నానో, తర్వాత అనుకున్నట్టు చెప్పుకున్నానో ఇప్పుడు నాకే తెలియదు. వ్యానులో దుమ్ముకు పరదాలు దించుకున్నారు. అత్తమ్మ జీపులో ఎక్కుతుందని వాళ్లందరికీ తెలుసు. జీపు ఆగలేదని వాళ్లకు తెలియదు. అందరూ శకునం చూసుకున్నారు కానీ మనిషిని ఎవరూ చూసుకోలేదు.

పాల్వంచలో టీకి ఆగాం. అమ్మ వ్యాను దిగి జీపు దగ్గరికొచ్చింది.

"వదినేది? పులిహోర గిన్నె ఏ మూటల పెట్టిందో అడుగుదమని."

నాన్న టీ గ్లాసుతో అలాగే నిలబడ్డాడు. "వ్యాన్ల లేదా?"

"వ్యాన్లెందుకుంటది? ముందల సీటు ఆమెకే అన్నవు గద."

నాన్న స్నేహితుడొకాయన, జీపు వెనక్కి తిప్పి తోలుకొస్తా, రెండున్నర గంటల పని, మీరు టిఫిన్లు చేయండి అన్నాడు. మంచి మనిషి. నాన్న అప్పటికే జీపు వైపు నడిచాడు. నాయనమ్మ అడ్డం వచ్చింది.

"బయలుదేరాక వెనక్కి మళ్లితే అరిష్టం రా. ఇంతమంది పిల్లాజెల్లా ఉన్నారు. దానికేం, కొంపకి పోతుంది. గేదెలకన్నా దిక్కుంటుంది."

"అమ్మా, ఆమె కోసమే కదనే ఈ ప్రయాణం."

"ఇంకోసారి తీసుకెళ్దువులే. పర్ణశాల ఎక్కడికి పోతుంది?"

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటారు కదా, ఆ సామెత మా నాయనమ్మను చూసే కట్టారేమో. అంతమంది పెద్దలు, ఒక్కరు గట్టిగా మాట్లాడలేదు. వెనక్కి మళ్లాక పిల్లలకేమన్నా అయితే ఆ మాట ఎవరి మీదికొస్తుందోనని అందరికీ భయం. నాన్న జీపు తలుపు పట్టుకుని ఆగిపోయాడు. అప్పుడు నా వైపు చూశాడు.

"బిడ్డా, నువ్వు చెప్పలేదా డ్రైవరుకు?"

డ్రైవరు అప్పుడు అక్కడ లేడు, కొట్టు వెనక మొహం కడుక్కుంటున్నాడు. ఉంటే నా బతుకు వేరేగా ఉండేదేమో.

"చెప్పిన నాన్నా. నీతోని చెప్పిన, ఆపమని. నువ్వే ఇనలే. నవ్వుకుంట ఉన్నవు."

నాన్న నన్ను కొట్టలేదు, మళ్లీ అడగలేదు. నమ్మాడు. తన మీద తనకు అంత అనుమానం ఉన్న మనిషిని నమ్మించడం ఎంత తేలికో పన్నెండేళ్లకే నాకు తెలిసింది. నవ్వుకుంటూ ఉన్నవు అన్న మాట ఆయనలో దిగిపోయింది. ఆ తర్వాత ఆయన వ్యానులో ఒక మూల కూర్చున్నాడు. జీపు ముందు సీట్లో నేనే కూర్చున్నాను.

పర్ణశాల చూశాం. గోదావరి ఒడ్డు, పాక, రంగులేసిన బొమ్మలు, మాయలేడి. సీతమ్మ వాగు దగ్గర బండ, దాని మీద చారలు. కోయ ఆడవాళ్లు ఆకు దొప్పల్లో తునికిపళ్లు అమ్ముతున్నారు. నాన్న ఏమీ చెప్పలేదు. ఇదేందో చెప్పు అని స్నేహితులు అడిగితే, "బండ" అన్నాడు. వంట అమ్మ చేసింది, అన్నం అడుగంటింది. తేలు కుట్టిన దొంగలా నేను ఆ రెండు రోజులూ ఎవరితోనూ మాట్లాడలేదు. అలిసిపోయిందనుకున్నారు.

మేం తిరిగొచ్చేసరికి అత్తమ్మ వాకిలి ఊడుస్తోంది. మేం బయలుదేరిన రోజు మధ్యాహ్నం దాకా కల్వర్టు మీదే కూర్చుందట. మరిచిపోయారని తెలిస్తే మధ్యలోంచైనా తిరిగొస్తారని. పక్క తండా నుంచి కట్టెలకు పోయే ఆమె చూసి, తాగటానికి నీళ్లిచ్చి, ఎండదెబ్బ తగులుతది ఇంటికి పో అక్కా అని లేపి పంపిందట. ఇదంతా ఆ తండా ఆమే తర్వాత అమ్మతో చెప్పింది. అత్తమ్మ మమ్మల్ని చూసి అడిగింది ఒకటే మాట.

"మంచిగ చూసిండ్రా?"

నాయనమ్మ ప్రసాదం చేతిలో పెట్టింది. అత్తమ్మ కళ్లకద్దుకుని తింది. నాన్న ఆమె ముందు నిలబడలేక పెరట్లోకి పోయాడు.

ఇంకోసారి అనేది రాలేదు. నాన్న మళ్లీ ఏ ఎండాకాలమూ బండి కట్టించలేదు. పంటలు బాగుండీ ఎందుకు పోవటం లేదని స్నేహితులు అడిగితే, ఉత్త రాళ్లు, చూసేదేముంది అనేవాడు. ఆయనకు వయసుతో పాటు పిసినారితనం వచ్చిందని ఊళ్లో అనుకున్నారు. నాకు తెలుసు అదేమిటో. తెలిసీ నోరు విప్పలేదు. మొదట దెబ్బలకు భయపడ్డాను. తర్వాత సిగ్గు. ఆ తర్వాత ఇంత కాలానికి ఎందుకులే అని. మనిషి తనకు తాను చెప్పుకోవడానికి సాకులకేం కరువు?

నేను చదువుకుని కొత్తగూడెంలో టీచరునయ్యాను. నాయనమ్మ పోయింది. తొంభైల మొదట్లో నాన్న పక్షవాతంతో ఖమ్మం దవాఖానాలో పడి, అక్కడే పోయాడు. ఆయన పోయిన నాలుగేళ్లకు, ఇక ఉండబట్టలేక, ఎండాకాలం సెలవుల్లో ఒక కారు మాట్లాడుకుని ఊరికొచ్చాను. అత్తమ్మకు అప్పటికి అరవై దాటాయి, చేతికర్ర వచ్చింది.

"రేపు పొద్దున పర్ణశాలకు పోదమత్తమ్మా. మనిద్దరమే."

"పోదం" అంది.

పొద్దున కారు వాకిట్లోకి వచ్చింది. అత్తమ్మ లేదు. పెరట్లో లేదు, గొడ్ల కొట్టంలో లేదు. గడప పక్కన మాత్రం నిండు బిందె ఉంది. అమ్మ ఆ బిందె చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అమ్మ నుదుటన కూడా అప్పటికి బొట్టు లేదు. ఎత్తుకుని ఎదురు రావడానికి ఆ ఇంట్లో ఎవరూ మిగల్లేదు. నేను కారెక్కి, ఎక్కడికి పోవాలో డ్రైవరుకు చెప్పాను.

కల్వర్టు గోడ మీద, కొంగు నెత్తిన కప్పుకుని కూర్చుని ఉంది. గంజి పెట్టిన తెల్లచీర. నాకు ఒళ్లు మండింది, ఎవరి మీదో తెలియదు.

"ఎవరు రమ్మన్నరు నిన్ను ఈడికి? కర్రతోని ఇంత దూరం నడుస్తరా? శకునాలు చూసే మనిషి పోయి ఎన్నేండ్లాయె."

"నువ్వు పోయే ప్రయాణం బిడ్డా. నేను ఎదురెందుకు?"

కారు ముందు తలుపు తీసి, కూర్చో అన్నాను. ఆమె వెనక తలుపు దగ్గరికి నడిచింది.

"నువ్వే కూసో. నీకు ముందు సీటంటే పాణం గద" అంది.

మామూలుగానే అంది. ఎత్తిపొడుపు లేదు. నేను ముందు సీట్లో కూర్చోలేదు, ఆమె పక్కనే వెనక కూర్చున్నాను. ఆ మాట ఎందుకందో అడుగుదామని పర్ణశాల దాకా నోరు తెరిచి, మూసుకుంటూనే ఉన్నాను.

బండ చుట్టూ అప్పటికి కమ్మీలు కట్టారు. అత్తమ్మ కమ్మీ పట్టుకుని చారల వంక చూసింది. చాలాసేపు చూసింది. ఒక దొప్ప తునికిపళ్లు కొనిపిస్తే రెండు తిని, మిగతావి కొంగున కట్టుకుంది. బాగుందా అంటే, "మంచిగుంది, ముందుగాల చూస్తే ఇంక మంచిగుండేది" అంది.

తిరుగు దారిలో పాల్వంచలో డ్రైవరు టీకి ఆపాడు. ఇద్దరం బల్ల మీద కూర్చున్నాం.

"ఈడనేనా, మీ నాన్న నిన్ను అడిగింది?"

గ్లాసు కింద పెట్టేశాను. "నీకెట్ల తెలుసు?"

"వాడే చెప్పిండు. దవాఖానల, మాట ముద్దముద్దగ వస్తుండె అప్పటికి. 'పిల్ల చెప్పింది అక్కా, నేనే నవ్వుకుంట ఇనలే' అని ఏడ్చిండు. నేను చూసిన గద ఆనాడు, నువ్వు తల అటు తిప్పుకున్నవు. వాడు వెనకకు మల్లి కూసున్నడు, నీ నోరు మెదల్లే."

"మరి నాన్నతోని ఎందుకు చెప్పలే అత్తమ్మా?"

అత్తమ్మ టీ చల్లార్చుకుని ఒక గుక్క తాగింది.

"చిన్నప్పుడు చెప్తే నిన్ను కొడుతడని. దవాఖానల, నువ్వే చెప్తవని చూసిన. పక్కనే ఉంటివి గద."

దవాఖానాలో నాన్న మంచం పక్కన నేను పదకొండు రోజులు కూర్చున్నాను.